అతుకు లోపలి కడ్డీ

అర్జునరావు బావకి,

నిన్న పోలండ్ నుంచి ఒక కళాకారిణి మా ఇంటికొచ్చింది. మన యార్డులో కట్టిన ఓడని అక్కడ తుక్కు కింద కోసేస్తుంటే, ప్రదర్శనలో పెట్టడానికి ఒక ఇనపరేకు కొనుక్కుందట. అతుకు పక్కన కొట్టిన వెల్డరు నంబరు పట్టుకుని నన్ను వెతికింది.

వచ్చే నెల బీచ్ రోడ్డులో, అందరి ముందూ ఆ అతుకుని నిలువునా కోసి మన పనితనం చూపిస్తుందట. ఆ రోజు షిఫ్టు అయిపోతోందని, మనం రెండు రేకుల మధ్య సందు నిండా వెల్డింగ్ చెయ్యకుండా లోపల కడ్డీ ఇరికించి పైపైన పూసేసిన సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు.

"ఏటి మావయ్యా, అన్నం మానేసి ఉత్తరం రాస్తన్నారు?" అంటోంది కోడలు.

తుఫానులో తన ప్రాణాలు నిలబెట్టిన చేతులు పట్టుకోవాలని ఆ ఓడ కెప్టెన్ కూడా వస్తున్నాడట. ఈ చేతుల్ని ఎక్కడ దాచుకోను బావా?