గుట్ట మీదికి నాయిన కారు

ఆదివారం, నల్లగొండ

ఈరోజు అమ్మను నాయిన కారులో యాదగిరిగుట్టకు తీసుకుపోయాను. నాయిన పోయి రెండేళ్లయింది. ఆయన కిరాయికి తిప్పిన పాత అంబాసిడర్‌ను అమ్మబుద్ధి కాక, ఏడాదిగా నా మెకానిక్ షెడ్డులోనే దాని ఇంజిన్ మార్చి కడుతున్నాను. వేగం కోసం సిలిండర్ల బోరు పెంచి పెద్ద పిస్టన్లు వేశాను. రెండు కార్బొరేటర్లు పెట్టాను. "దీనికి జర దమ్మున్న ఇంజినుంటే గుట్ట ఉరికి ఎక్కుతుండె బిడ్డా" అని నాయిన ఎప్పుడూ అనేవాడు. ఆ మాట పట్టుకునే మొదలుపెట్టాను.

నిజంగానే ఉరికింది. ఘాట్ రోడ్డు ఎక్కామో లేదో పైకి చేరాం. గర్వంగా అమ్మ వైపు చూస్తే, ఆమె కిటికీలోంచి వెనక్కి చూస్తోంది.

"గప్పుడే వచ్చినమా?" అంది. "కిరాయి లేనినాడు మీ నాయిన నన్ను గిట్లనే తోలుకొస్తుండె. గీ మలుపులల్ల కారు మెల్లగ ఎక్కుతాంటే ఇద్దరం ముచ్చట వెట్టుకుంటుంటిమి. ఇంట్ల మాకు యాడ తీరుతుండె?"

కారు తిప్పి గుట్ట కిందికి దిగి, ఈసారి మెల్లగా ఎక్కిద్దామని చూశాను. కానీ ఈ ఇంజిన్‌ను నేను వేగానికే కట్టాను, నెమ్మదిగా నడిపితే లాగదు. మొదటి మలుపులోనే కుదుపులతో ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ అంతే. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది.

"పోనియ్యి బిడ్డా. దాన్ని గోస పెట్టకు."

యాక్సిలరేటర్ తొక్కాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో అడుగుదామనుకున్నాను. నోరు తెరిచేలోపే పైకి వచ్చేశాం.