నాన్న కారు సైలెన్సర్

కోరమండల్, బుధవారం

అమ్మకు నమస్కారాలు. ఫోనులో నీకు వినపడదని రాస్తున్నాను. నాన్న అంబాసిడర్ కారును నేను అమ్మలేదు, రోజూ దాంట్లోనే మాలూరు ఫ్యాక్టరీకి వెళుతున్నాను. బంగారు గని దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన పక్కింటి సొన్నప్ప మామకు దాని మోతతో పొద్దున్నే నిద్ర చెడుతుందని కొత్త సైలెన్సర్ వేయించాను. ఇప్పుడు కారు కదిలినా తెలియదు. నిన్న ఆయన భార్య వచ్చి, "గని మూసేసి సైరన్ నిలిచిపోయినప్పట్నుంచి మీ కారు సద్దు ఇనే, టైమయిందని మాత్ర ఏసుకుంటాడమ్మా. మీ కారు ఇంగా పోలేదని ఊరికే కూచోనుండాడు" అంది. ఇప్పుడు రోజూ ఆయన గుమ్మం ముందు ఆపి, చెప్పి బయలుదేరుతున్నాను.

ఆవు ఈనిందా? రాగిపిండి రెండిళ్లకూ చాలేంత పంపు. బేతమంగళలో అందరినీ అడిగినట్టు చెప్పు. నా గురించి దిగులు వద్దు. గనిలోకి దిగేవాళ్లకు చెప్పినట్టు, సొన్నప్ప మామ రోజూ "భద్రంగా పైకి రామ్మా" అని పంపుతున్నాడు.

నీ కూతురు
శశికళ