ఎదురు చెప్పని జూనియర్

మంగళవారం రాత్రి, మిల్టన్

ఈసారీ మా ఆయనకు ఆర్టిక్లింగ్ దొరకలేదు. ఒక లాయరు దగ్గర కొన్ని నెలలు పని నేర్చుకుంటేగానీ ఈ దేశంలో ఆయన లాయరు కాలేరు.

ఇవాళ కలిసిన ముసలి లాయరు మాటల మధ్య ఒక సెక్షన్ తప్పుగా చెప్పారట. తప్పని ఈయనకు తెలుసు. అయినా "యస్ సర్" అన్నారు. ఈయన ప్రాక్టీసు చేసిన వరంగల్ కోర్టులో సీనియర్ మాటకు జూనియర్ అడ్డు చెప్పడు మరి.

"కావాలనే తప్పు చెప్పిండే! వందేళ్ళ కింద ఐర్లాండ్‌లో వాళ్ళ తాత సొలిసిటరంట. పని నేర్వనీకి వచ్చినోళ్ళను ఇట్లనే పరీక్ష చేసేటోడంట. నా తప్పే చెప్పలేనోడివి, క్లయింటు దిక్కు ఏం మాట్లాడతవన్నడు." ఈయన షూ విప్పకుండానే మెట్ల మీద కూర్చున్నారు.

"పెద్దాయనను ఎట్ల కాదంటరు? ఆ సంగతి చెప్పకపోయినరా?" అన్నాను.

"చెప్పిన. మంచోడివే గానీ నాకు పనికిరావన్నడు."

ఇంకెవరైనా ఉంటారులెండి అనబోయి ఆగాను. ఈ చుట్టుపక్కల ఆయన అడగని లాయరు లేడు. రేపటి నుంచి వాన్ అనే ఊళ్ళో గోడౌన్ పనికే పూర్తిగా వెళ్తారట. అన్నం ముందు కూర్చుని, ఫోన్‌లో తన పేరు పక్కనున్న అడ్వకేట్ అన్న మాట తీసేశారు. నేను చూడనట్టే కూర వడ్డించాను.