పసుపు పెట్టిన రసీదు

రేపల్లె, 4 జూన్ 2024

ఒకప్పటి ప్రియమైన ఎబినేజర్‌కు,

ఫోన్ చేస్తే నీ గొంతు వినాల్సొస్తుంది, అందుకే ఉత్తరం. నిన్న తెనాలి గూడ్స్ షెడ్డులో నా సిమెంటు దిగింది. రైల్వే రసీదుకు కాగితమే లేదు. అంతా కంప్యూటర్లోనే. మా అబ్బాయి కొట్లో కూర్చునే సరుకు విడిపించాడు. నీలాంటి గుమాస్తా ముందు నిలబడే పని తప్పింది. 1991లోనే ఇది ఉంటే, నీ చేతికిచ్చిన రసీదును నువ్వు మాయం చేయగలిగేవాడివా? నా వ్యాగన్ సిమెంటు వానకు తడిసి బండరాయి అయ్యేదా? నీ పీడ విరగడైందని చెప్పడానికే రాశాను.

నువ్వు ముంచిన
మోహనకృష్ణ

బాపట్ల, 11 జూన్

మోహనకృష్ణ గారికి,

గారు అన్నది గౌరవంతో కాదు, దూరం కోసం.

నువ్విచ్చింది రసీదు కాదు, అంటించిన కవరు. స్నేహితుడివని విప్పకుండా పుచ్చుకున్నాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పు అదొక్కటే. సాయంత్రం విప్పితే కరెంటు బిల్లు, దాని మీద పసుపు బొట్టు! అసలు రసీదు లేకుండా సరుకు ఇవ్వకూడదు. రసీదు పోయిందని పూచీ బాండు రాసిచ్చి సరుకు తీసుకెళ్లమంటే, "ఏంటి, దొంగతనం నువ్వు చేసి నన్ను రాయమంటావా?" అని షెడ్డంతా వినేలా అరిచావు. ఫిర్యాదు పెట్టి నన్ను బాపట్లకు తరిమించావు. సర్వీసు పుస్తకంలో ఆ మచ్చ అలాగే ఉంది. తలెత్తుకోలేక మా ఆవిడ ప్రేమకుమారి చర్చిలో వెనక బెంచీకి మారింది. చనిపోయేదాకా ముందుకు రాలేదు. ఆ రోజు కంప్యూటర్ ఉంటే బతికిపోయేది నువ్వు కాదు, నేను.

ఇక రాయకు.
ఎబినేజర్

రేపల్లె, 20 సెప్టెంబర్

ఎబినేజర్,

రాయొద్దన్నా రాయక తప్పడం లేదు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. కోడలు మాధురి దేవుడి పటం దించితే వెనక నుంచి రసీదు జారిపడింది. నాలుగు మూలలా పసుపు. సరుకు రసీదు వచ్చిన ప్రతిసారీ మా అమ్మ దానికి పసుపు పెట్టి, పటం దగ్గర ఉంచి, మళ్లీ కవర్లో పెట్టేది. ఆమెకు చదువు రాదు. ఆ రోజు బిల్లుకీ పసుపు పెట్టి, దాన్నే కవర్లో పెట్టినట్టుంది. నేను చూడకుండా అంటించాను. నిన్ను దొంగ అన్న నోరు నాది. ఫిర్యాదు మీద సంతకమూ నాదే. సిగ్గుగా ఉంది. తప్పు నాదని మీ పైవాళ్లకు రాసిస్తాను. రసీదు నీకు రిజిస్టర్ పోస్టులో పంపనా?

మోహన

బాపట్ల, 27 సెప్టెంబర్

మోహనా,

నా కోపం తగ్గలేదు. ప్రేమకుమారి ఉండగా నీ ఉత్తరం వచ్చి ఉంటే తగ్గేదేమో. పోస్టులో పంపితే తిప్పి పంపేస్తాను. లోకమంతా మారినా నా దగ్గర పాత రూలే: అసలు రసీదు మనిషే తెచ్చి చేతికివ్వాలి. రేపల్లె బండెక్కి తెనాలిలో మారు. ఆదివారం పొద్దున చర్చికి రా, నేను వెనక బెంచీలోనే ఉంటాను.

ఈసారి కవరు విప్పి చూసే పుచ్చుకుంటాను.

ఎబినేజర్