తోడికోడలి కమ్మలు

అత్‌బాషి, మే 9

అమ్మా, చెవులు తప్ప నేను క్షేమం. సంబంధం ఖాయం చేస్తూ అత్తగారు పెట్టిన కమ్మల దగ్గర రసి కారుతోంది. వాటిలో నికెల్ ఉందని, అది నాకు పడదని డాక్టరు చెప్పింది. తీసేస్తే కాపురం వద్దన్నట్టే కదా, అందుకని ఓర్చుకున్నాను. తోడికోడలు బురుల్చా మాత్రం తొమ్మిదేళ్లుగా తన కమ్మలు ఊపుకుంటూ తిరుగుతోంది. పెద్దకోడలికి అసలు వెండి, నాకు నకిలీది పెట్టారని కుళ్లుకున్నాను. సోమవారం ఆ మాట పైకే అనేశాను.

"అదా నీ ఏడుపు? ఇవి పెట్టుకో మహారాణీ," అని బురుల్చా అత్తగారి ఎదుటే తన జత తీసి నా చేతిలో పెట్టి, నావి తను పెట్టుకుంది.

రెండో రోజుకు నాకు రసి ఇంకా ఎక్కువైంది. ఆవిడకు దురద కూడా లేదు.

"రెండు జతలూ ఒకే కంసాలి ఒకేసారి ఒకే ముద్దలోంచి చేశాడే పిల్లా," అన్నారు అత్తగారు.

నీ బంగారు పోగులు పంపు. అత్తగారు వాటిని తన చేత్తోనే పెడతానన్నారు, ఇక ఎవరూ వేలెత్తి చూపరు. ఎర్రావు ఈనిందా? నాన్న దగ్గు తగ్గిందా? ఆయనకు నా నమస్కారాలు.

బురుల్చా కమ్మల మీద ఇప్పుడు నాకు అసూయ లేదు. ఆవిడ చెవుల మీద ఉంది.

నీ ఐజిరెక్