చెరువులు వద్దన్న నోటితోనే

జూన్ 12
వాట్సాప్‌లో పార్టీ మాట వచ్చింది. నాలుగు వాక్యాలు. రొయ్యల చెరువులంటే అభివృద్ధి, వద్దనేవాళ్లు రైతుల శత్రువులు… సాయంత్రంలోగా వీధి వీధికీ చెప్పేశాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో పార్టీకి నేనే గొంతు. ఒప్పుకుంటున్నట్టు కాగితాల మీద సంతకాలు కూడా తీసుకున్నాను. మంగమ్మ గారు వేలిముద్ర వేసింది. చెరువులు తవ్వితే గట్టు ఆవిడ తోటకూర మడిని ఆనుకునే వస్తుంది. "మీరు చెప్పాక ఇంకేముందండీ" అంది.

జూన్ 13
అన్నం వడ్డిస్తూ సత్యవతి — "పోయినేడు ఈ చెరువులొద్దని రోడ్డుకి అడ్డంగా పడుకుంది మీరే కదండీ?"
"అప్పటి పరిస్థితి వేరు."
"చెరువుల్లోంచి పొలాల్లోకి దిగే ఉప్పు కూడా వేరా?"
సగం అన్నంలో లేచిపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అంత కోపం ఎందుకొచ్చింది నాకు?

జూన్ 14
పాత డైరీ తీశాను. నా రాతే. "చెరువులొస్తే చుట్టుపక్కల మాగాణి మూడేళ్లకి చవుడు. ముందు పోయేది మా రెండెకరాలే." కింద గీత కూడా గీశాను. మరి ఎప్పుడు మారాను? అప్పుడు పార్టీ వద్దంది. ఇప్పుడు కావాలంటోంది. మధ్యలో నేను కూర్చుని ఆలోచించిన రోజంటూ ఉండాలి కదా… పేజీ పేజీ తిప్పాను. లేదు. సిగ్గేసింది.

జూన్ 16
రాజమండ్రిలో కార్యకర్తల శిక్షణ. ఏసీ ఫంక్షన్ హాలు. వేదిక మీద పదకొండు కుర్చీలు — కాంట్రాక్టర్లు, కాలేజీల ఓనర్లు, వాళ్ల అల్లుళ్లు, ఒకాయన వియ్యంకుడు. కాలికి బురద అంటినవాడు ఒక్కడూ లేడు. చెరువుల కంపెనీలో వాటాలున్నవాళ్లు మాత్రం ఇద్దరున్నారట, భోజనాల దగ్గర చెప్పుకుంటున్నారు.

లేచి ఉప్పునీటి సంగతి అడిగాను. మా నియోజకవర్గ ఇన్‌ఛార్జి గారు నవ్వారు. ఉండేది హైదరాబాదులో, నెలకోసారి వస్తారు. "రాంబాబు గారూ, పాలసీ మేం చూసుకుంటామండి. మీరు జనానికి అర్థమయ్యేలా చెప్పండి, చాలు."
చప్పట్లు. నేనూ కొట్టాను. ఛీ.

జూన్ 17
ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొలం, ఇల్లు, మళ్లీ పొలం. సత్యవతి మళ్లీ ఆ ఉప్పు మాట అంటే బాగుణ్ణు.

జూన్ 18
పక్కూరు వెళ్లాను. అక్కడ చెరువులు తవ్వి రెండేళ్లయింది. గట్టు పక్కనే ఒక నారుమడి — నారు చివర్లు ఎండి ఎర్రబడ్డాయి. బోదెకాలవలో నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను. ఉప్పు. నేను నిరుడు రాసిందే నిజం.
"మీ పార్టీవాళ్లే బాగుంటాయన్నారండి" అన్నాడు మడి రైతు.
"ఎవరండీ?"
"మీలాగే ఒకాయన. మంచాయనే."

జూన్ 20
మంగమ్మ గారింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది. చెప్పేశాను. "నాదే పొరపాటండి. చెరువులొద్దు. వస్తే మీ మడి దక్కదు. రేపు చెరువుల మీద జరిగే గ్రామసభలో వేలిముద్ర వెనక్కి తీసుకుంటానని చెప్పండి."
చేతిలో కట్ట పక్కన పెట్టింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి — "ఏ పార్టీలోకి వెళ్తున్నారండీ?"
"ఏ పార్టీలోకీ కాదు. నేనే అంటున్నాను."
"అదేంటండీ… పైనుంచి ఎవరూ చెప్పకుండా మీరెందుకంటారు? ముందే చెబితే మేమూ అటే వచ్చేద్దుం కదా."

అరగంట సేపు ఉప్పు గురించే మాట్లాడాను. నారు చివర్లు, బోదె నీళ్లు, అన్నీ. తలూపింది. పోయిన వారం అభివృద్ధి అన్నప్పుడూ ఇలాగే ఊపింది. ఆవిణ్ణేమనగలను? ఇన్‌ఛార్జి గారు నాకెలాగో, నేను ఆవిడకి అలాగ. నేను చేసిన పనే ఇది, ఇరవై ఏళ్లూ. ఒళ్లు మండిపోతోంది — ఎవరి మీదని చెప్పను?

జూన్ 21
పదింటికి గ్రామసభ. ఇన్‌ఛార్జి గారి ఫోను, పొద్దుటి నుంచి మూడుసార్లు. ఎత్తలేదు.

అరుగు మీద మంగమ్మ గారు, మా వీధివాళ్లు ఇంకో ఆరుగురు. నాతో కలిసి వెళ్దామని వచ్చారు. "ఎందుకండీ గొడవ, మీరు చెయ్యెత్తితే ఎత్తుతాం, లేకపోతే లేదు" అంటున్నారు. సత్యవతి వాళ్లకి కాఫీలిచ్చి లోపలికొచ్చింది. "ఏం చెప్తారు?"

చెరువులు వద్దంటాను. అది తేలిపోయింది. నేను వద్దంటే వాళ్లూ వద్దంటారు. మడి నిలబడుతుంది, మంచిదే… కానీ వచ్చే నెల ఇంకో వాట్సాప్ వస్తే? నన్ను పక్కన పెట్టి ఇంకొకణ్ణి పంపిస్తే? ఈ ఏడుగురిలో ఒక్కరైనా "అలా కాదండీ రాంబాబు గారూ" అంటే ఎంత బాగుండును.

"వస్తున్నారా అండీ?" మంగమ్మ గారు పిలుస్తోంది.
కళ్లజోడు కనబడట్లేదు, మీరు ముందు నడవండని చెప్పాను. జేబులోనే ఉంది.