దొర కుక్క పట్టిన సోమవారాలు

కంఠేశ్వర్, నిజామాబాద్
29 జులై 1938

పెద్దమ్మ భీమవ్వ పాదాలకు చెల్లెలి కొడుకు లక్ష్మీరాజం మొక్కి రాసేది. ఇక్కడ నేనూ, నీ కోడలు గోదావరీ కులాసా. ఆమెకు ఏడో నెల వచ్చింది. అక్కడ నువ్వూ, నీ నాలుగు పిల్లులూ కులాసా అనుకొని అసలు సంగతికి వస్తున్నాను.

రేపు పోశన్న బండిలో నీ దగ్గరికి ఒక కుక్క వస్తుంది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న ఇంజనీరు దొరది. పేరు బ్రూనో. నేను ఆ దొర దఫ్తర్‌లోనే గుమాస్తానని, నా నౌకరి ఇంకా కచ్చాదేనని నీకు తెలుసు. దొర యంత్రాల పని మీద దొరసానితో బొంబాయి పోతూ, ఈ నెల రోజులు బ్రూనోను ఎవరు చూస్తారని అడిగారు. అందరూ నేల చూపులు చూశారు. నేను ముందుకు వచ్చి, "కుక్కల సంగతి నాకు వదిలేయండి హుజూర్" అన్నాను.

ఈ బ్రూనో డబ్బా బిస్కెట్లు తప్ప ఎరగదు. ఇప్పుడు అవీ మానేసింది. పక్కటెముకలు వీధి చివరి నుంచే కనిపిస్తున్నాయి. తాను వచ్చేసరికి అది నిండుగా ఉంటే నా నౌకరి పక్కా చేస్తామన్నారు. లేకపోతే ఏం చేస్తారో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడి దొర బంగళాలో ఇంకో రెండు కుక్కలు, దొరసాని పిల్లి ఉన్నాయి. వాటికి వంటవాడు ముత్యం మాంసం వండి పెడతాడు. వాటితో ఏ చిక్కూ లేదు.

నీకు కష్టం లేకుండా సికింద్రాబాద్ నుంచి "శునక మార్జాల సహజాహార దీపిక" అనే పుస్తకం తెప్పించి మొత్తం చదివాను. కుక్క పుట్టుకతోనే వేటగాడట. రోజుకు అర్ధశేరు పచ్చిమాంసం, ఒక బొక్క పెట్టు. గింజలతో వండినది ఏదీ పెట్టకు.

నీ కొడుకువంటి
లక్ష్మీరాజం

తా.క. పిల్లులకు పాలు సహజం కాదని మూడో అధ్యాయం. నీ పిల్లులకు కూడా మాన్పించు.

•

ఎడపల్లి
2 ఆగస్టు

చిరంజీవి లక్ష్మీరాజం నిండు నూరేండ్లు బతకాలని పెద్దమ్మ భీమవ్వ దీవించి చెప్పేది. కోడలి పిల్లను బరువులు ఎత్తనియ్యకు.

కుక్క దిగింది. ఆ పేరు నా నోటికి పట్టలే. పిలగాడా అని పిలుస్తున్న, పలుకుతున్నడు.

మాంసం పెట్టుమని రాసినవు. పట్నం పోయినంక నెలలు గూడ యాదికి లేవా నీకు. శ్రావణం నడుస్తుంది. శ్రావణంల ఈ ఇంటి పొయ్యి మీదికి నీసు ఎక్కదు. మీ పెద్దబాపు ఉన్నప్పుడు ఎక్కలే, ఇప్పుడు ఎక్కదు. నా కడప లోపట ఉన్నన్ని రోజులు దొర కుక్కకయినా ఇదే పద్ధతి.

జొన్న గట్క మెత్తగ వండి, సల్లార్చి, సల్ల పోసి పెట్టిన. మొదటి పూట వాసన సూసి మూతి తిప్పుకున్నడు. నేను బతిమిలాడలే. గిన్నె తీసేసిన. రెండో పూట సగం తిన్నడు. నిన్న సోమవారం మాత్రం ముద్ద ముట్టలే, పండుకొనే ఉన్నడు. మొఖంల దిగులయితే లేదు. నేను ఫికర్ జేస్తలేను, నువ్వు జెయ్యకు.

ఆ పుస్తకం రాసినాయన ఎన్ని కుక్కలను సాదిండో అడిగి రాయి. నేను పదకొండు సాదిన. నా పిల్లులకు నేను ఏనాడు పాలు పొయ్యలే. ఎలుకల మీదనే బతుకుతున్నయి. మూడో అధ్యాయం నన్ను సూసే రాసిండేమో.

నీ పెద్దమ్మ
భీమవ్వ

తా.క. ఇది రాసినది మిషన్ బడి పంతులు దేవయ్యను. భీమవ్వ గారికి చదువు రాదు కనుక, తాను చెప్పినదానిలో ఒక్క మాట మార్చకుండా రాయాలని నాకు హుకుం. అడుగున ఈ రెండు ముక్కలు మాత్రం నావి. కుక్క బుద్ధిమంతుడు. ఆదివారం ప్రార్థనకు వచ్చి వెనక వరుసలో కూర్చుంది. మా సంఘంలో కొందరి కంటే నిశ్శబ్దంగా ఉంది.

•

కంఠేశ్వర్
5 ఆగస్టు

పెద్దమ్మకు లక్ష్మీరాజం మొక్కులు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నేను కులాసా కాదు.

శ్రావణం మనకు, పెద్దమ్మా. కుక్కకు ఏ మాసమైనా ఒక్కటే. ఎండిపోయిన కుక్కకు గట్క పెట్టి, ఒక రోజంతా అది ముద్ద ముట్టకపోతే ఫికర్ చేయొద్దంటున్నావు. నీ ఉత్తరం అందిన రోజు నేనేం తిన్నానో అడుగు. నేనూ ముట్టలేదు, భయంతో. గోదావరి నన్ను చూసి, "కుక్కకు బాగలేకుంటే మీరెందుకు సన్నబడుతున్నరు" అంటున్నది. నౌకరి పోతే పుట్టబోయే బిడ్డను ఎత్తుకొని ఎవరి వాకిట్లో నిలబడాలో ఆమెకు నేను చెప్పలేదు.

రేపటి నుంచి మాంసం. వేరే మాట లేదు.

లక్ష్మీరాజం

తా.క. పశువుల దవాఖానా కంపౌండరు ఒక ఆకలి పొడి ఇచ్చాడు, పోశన్నతో పంపుతున్నాను. నీళ్ళలో కలిపి ఇవ్వు.

•

ఎడపల్లి
9 ఆగస్టు

చిరంజీవి లక్ష్మీరాజానికి పెద్దమ్మ దీవెనలు. నువ్వు తిను ముందు.

నీ ఆకలి పొడి పోశన్ననే తాగిండు. తొవ్వల కడుపు బరువైందట. మా ఇంటికొచ్చి ఆరు రొట్టెలు తిన్నడు. పొడి మంచిదే.

పిలగాడు నిండుతున్నడు. పొద్దుగాల గట్క, సల్ల. మాపటికి పెసరపప్పు కలిపిన అన్నం. నడుమల చెరుకు తోటల ఉరుకుడే ఉరుకుడు. మన పిల్లులతోని దోస్తానా కుదిరింది. అవి ఒక దిక్కు, వీడు ఒక దిక్కు, నడుమల ఎలుక. నీ పుస్తకంల వేటగాడని రాసిండు గద, గదీ వేట.

నిన్న సోమవారం మళ్ల ముట్టలే. గుడి దిక్కు మొఖం పెట్టి, కండ్లు మూసుకొని, సాయంత్రం దాక లేవలే. పక్కింటి గంగుబాయి సూసి, శ్రావణ సోమవారం ఒక్కపొద్దు ఉంటున్నడని ఊరంత చెప్పింది. నేను అనలే, ఆమెనే అన్నది. మాపటికి ఇరవై మంది వచ్చిండ్రు. ఒకామె బొట్టు పెట్టింది. తుకారాం సేటు తన అంగడి నుంచి అరటిపండ్లు తెచ్చి, కుక్క ముందు కూసొని మరాఠీల తన కష్టం జెప్పుకున్నడు. పిలగాడు అంత విన్నడు. సేటుకు మనసు నిమ్మళమైందట.

నీ పెద్దమ్మ
భీమవ్వ

తా.క. దేవయ్య రాసేది. ఆదివారం ప్రార్థన ముగిసి దీవెన చెప్పేదాకా కుక్క కదలడం లేదు. ఆ తర్వాత మాత్రం నేరుగా ఇంటికి పోవడం లేదు. ఇంతకు మించి ఇప్పుడు రాయలేను.

•

కంఠేశ్వర్
14 ఆగస్టు

పూజ్యురాలు, దూరదృష్టి గలది అయిన పెద్దమ్మకు లక్ష్మీరాజం సాష్టాంగపడి రాసేది.

నన్ను మన్నించు. నేను ఏడో అధ్యాయం సరిగా చదవలేదు. అడవిలో వేటాడే జంతువుకు వారంలో ఒక రోజు కడుపు ఖాళీగా ఉండడమే సహజమట. బ్రూనో ఆ రోజును తనంతట తానే ఎంచుకుంది. నువ్వు భక్తి అన్నా, నేను శాస్త్రం అన్నా, సంగతి ఒక్కటే.

ఈ లెక్కన గట్క, మజ్జిగ, సోమవారం ఉపవాసం అనే పద్ధతిని మూడు కాగితాల ఇంగ్లీషు రపోట్‌గా రాసి దొరకు బొంబాయికి పంపాను. మాంసం అసలు వద్దని తేల్చాను. పుస్తకం మాంసం పెట్టమనే అంటుంది కానీ, ఆ విషయంలో నేను పుస్తకాన్ని దాటిపోయాను. దొర నుంచి తంతి వచ్చింది. "చాలా బాగుంది. మిగతా వాటికీ ఇదే చేయి" అని.

నిన్నటి నుంచి బంగళాలోని రెండు కుక్కలకూ, దొరసాని పిల్లికీ మాంసం బందు. ముత్యం గట్క వండనని మొండికేస్తే నేనే వండాను. నౌకరి పక్కా అయినట్టే అనుకో.

నీ లక్ష్మీరాజం

తా.క. పిల్లి గట్కను చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత గోడ దూకింది.

•

ఎడపల్లి
16 ఆగస్టు

లక్ష్మీరాజానికి పెద్దమ్మ చెప్పేది. దీవెన అడుగున ఉంటది, ముందు ఇది విను.

మంచిగున్న కుక్కల నోటికాడి కూడు ఎందుకు గుంజుకున్నవు. నిన్నెవరు జెయ్యమన్నరు. దొర చెప్పిండంటవు, దొరకు చెప్పిందెవరు. వాటికి ముత్యం ఏం పెడుతుండెనో అదే పెట్టించు. పిల్లి గోడ దూకిందంటే దానికి నీకంటె తెలివి ఉన్నది.

పిలగాని సంగతి వేరు. ఏం వేరు, ఎట్ల వేరు అని అడగకు. నిన్న మూడో సోమవారం. నలభై మంది వచ్చిండ్రు.

సల్లగుండు.
భీమవ్వ

తా.క. దేవయ్య రాసేది. మీతో ఒక మాట చెప్పుకోవాలి. కానీ భీమవ్వ గారు ఎదురుగా కూర్చొని కాగితం వైపే చూస్తున్నారు. చదువు రానివారి చూపులా లేదు.

•

కంఠేశ్వర్
22 ఆగస్టు, సోమవారం

పెద్దమ్మకు లక్ష్మీరాజం మొక్కు. కులాసాల సంగతి రాయడానికి ఏమీ లేదు.

నీ మాట వినలేదు. పుస్తకం ఉంది కదా, తంతి ఉంది కదా అనుకున్నాను. రెండు కుక్కలూ సగమయ్యాయి. ఈ రోజు ఉపవాసం మొదలుపెట్టగానే పెద్దది నా ధోవతి అంచు తిన్నది. చిన్నది నన్ను చూసి మొరగడం కూడా మానేసింది. పిల్లి ఎదురింటి వాళ్ళ దగ్గర ఉంటున్నది. అక్కడ చేపల కూర వండుకుంటారు. పిలిచినా రాదు.

దొర ఇరవై తొమ్మిదిన వస్తున్నారు. ఆ మూడు కాగితాల రపోట్ మీద నా సంతకం ఉంది. నాకు చాలా భయంగా ఉంది, పెద్దమ్మా. రాత్రి గోదావరి బిడ్డ బట్టలు కుడుతుంటే ఆమె ముఖం చూడలేకపోయాను. అదే గట్క, అదే మజ్జిగ, అదే సోమవారం. నీ దగ్గర కుక్క నిండింది, నా దగ్గర రెండు ఎండాయి. నువ్వు దాచినదేదో ఉంది. అది చెప్పు.

లక్ష్మీరాజం

తా.క. చిన్న కుక్క ఆ దీపిక పుస్తకాన్ని నాలుగో అధ్యాయం నుంచి చివరిదాకా తిన్నది. ఈ పది రోజుల్లో అది ఇష్టంగా తిన్నది అదొక్కటే.

•

ఎడపల్లి
24 ఆగస్టు

లక్ష్మీరాజం గారికి మిషన్ బడి పంతులు దేవయ్య తలవంచి, తనంతట తాను రాస్తున్న ఉత్తరం.

మీ ఉత్తరం భీమవ్వ గారికి చదివి వినిపించాను. విని ఆమె గట్క వండడానికి లేచారు. నేను మాత్రం ఇక ఉండలేను. మీ బ్రూనో మాంసం తింటున్నది. ప్రతి ఆదివారం ప్రార్థన తర్వాత మా పాలెంలో మేకను కోసి పదకొండు ఇళ్ళవాళ్ళం పంచుకుంటాం. కుక్క పదకొండు ఇళ్ళూ తిరుగుతుంది. మొదట నిలిచేది మా ఇంటి ముందే. నా భార్య రూతమ్మ బొక్కలూ, కార్జం ముక్కలూ వేస్తుంది. సోమవారం అది ఒక్కపొద్దు ఉండడం లేదు, అరిగించుకుంటున్నది.

మొదటి వారమే చెప్పవలసింది. కానీ భీమవ్వ గారు ఒంటరి మనిషి. ఆ కుక్కను చూసి ఇరవై మంది వాకిట్లోకి వస్తుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. శ్రావణంలో తన ఇంటి కుక్క మాంసం తిన్నదని తెలిస్తే తట్టుకోలేరు. దయచేసి ఆమెకు తెలియనివ్వకండి. మీ కుక్కలకు వెంటనే మాంసం పెట్టండి.

దోషి
దేవయ్య

తా.క. ఆ పాపానికి నేను సోమవారాలు ఉపవాసం మొదలుపెట్టాను. కుక్క ముందు కూర్చొని ఉండడం కష్టంగా ఉంది, అది గుర్రు పెడుతుంది.

•

ఎడపల్లి
29 ఆగస్టు

చిరంజీవి లక్ష్మీరాజం, గోదావరి, పుట్టబోయే బిడ్డ ముగ్గురు సల్లగుండాలని పెద్దమ్మ భీమవ్వ దీవించి చెప్పేది. కుక్కలకు మాంసం పెట్టినవా. ఇంక పెట్టకుంటే ఈ కాయిదం అక్కడ పెట్టి, పోయి పెట్టొచ్చి చదువు.

ఈ ఉత్తరం దేవయ్య రాస్తలేడు. రూతమ్మ రాస్తుంది. దేవయ్య నీకు దొంగతనంగ ఉత్తరం ఏసిండని మాకు తెలుసు. ఏం రాసిండో గూడ తెలుసు.

పిలగాడు వచ్చిన రెండో నాడు గిన్నె ముందు పెడితే, వాడి ముక్కు రూతమ్మ ఇంటి దిక్కు తిరిగింది. కుక్కకు ఏం కావాల్నో కుక్కనే చెప్పింది. నా ఇంట్ల శ్రావణం, రూతమ్మ ఇంట్ల లేదు. పోయి రూతమ్మకు చెప్పిన, ఆదివారం పిలగానికి ఒక వాటా తియ్యమని. ఇంటింటికి కుంచెడు జొన్నలు ఇచ్చిన. వారమంత గట్క, సల్ల, ఎలుకలు. ఆదివారం మాంసం. నా పద్ధతి చెడలే, వాడి కడుపు మాడలే. సోమవారం ముట్టలేదని చెప్పిన, ముట్టలే. ఒక్కపొద్దు ఉన్నడని నేను చెప్పిన్నా.

నీకు ఎందుకు చెప్పలేదంటవా. నీకు చెప్పాల్నంటే దేవయ్య రాయాలె. నాకు చదువు రాదు గని కండ్లున్నయి. నేను చెప్పుడు ఆపినంక గూడ ఆయన చెయ్యి ఆగదు. ఆయనకు తెలిస్తే నీకు, నీకు తెలిస్తే దొరకు, దొరకు తెలిస్తే గంగుబాయికి. నీ కుక్కలకు మాంసం పెట్టుమని మాత్రం చెప్పిన. నువ్వు వినలే.

ఇగ దొర సంగతి. ఒక్క రోజు ముందే వచ్చిండు. నిన్న బోధన్ నుంచి మోటర్ల సక్కగ ఇక్కడికే దిగిండు. పిలగాడు రూతమ్మ వాకిట్ల బొక్క పట్టుకొని కూసున్నడు. దొరను సూసి బొక్క ఇడిసిపెట్టి ఉరికిండు. దొర వాడి పక్కలు ఒత్తి సూసి, ఎముక దొరకక నవ్విండు. తర్వాత నీ రపోట్ తీసి, ఇందుల మాంసం వద్దని ఉంది గద అని అడిగిండు. రూతమ్మకు ఇంగ్లీషు వస్తది, ఆమెతోని చెప్పించిన. "మా ఇంట్ల సంగతి మావాడు రాసిండు, నిజమే రాసిండు. ఇంటి బయటి సంగతి వాడికి తెల్వది" అన్న. బంగళా కుక్కల సంగతి గూడ నేనే చెప్పిన, నువ్వు చెప్పేదాక ఆగలే. దొర మొఖం ఎర్రగయింది. "ఈ పిలగాన్ని మంచిగ చెయ్యి అంటే, ఎవరి చేతిల పెట్టాల్నో వాడికి తెలిసింది. గది గూడ పనే గద" అన్న. దొర మళ్ల నవ్విండు.

నౌకరి పక్కా. కాయిదం ఈ వారంల వస్తది. ఇగ నువ్వు రపోట్లు మాత్రం రాయొద్దన్నడు.

పిలగాడు మోటర్ల ఎక్కి పోయిండు. నేను ఏడ్సిన, దాసిపెట్టుడెందుకు. నిన్న మాపటికి గట్క ఇద్దరికి వండిన, మరిసిపోయి. నీ కుక్కలు ఇంక ఎండే ఉంటే రెండిటిని పోశన్న బండిల పంపు. శ్రావణం పోయింది. ఇగ మా ఇంట్లనే వండుత.

నీ పెద్దమ్మ
భీమవ్వ

తా.క. రూతమ్మ రాసేది తమ్ముడా. దొర మోటరు చూసి మా ఆయన బడిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. భీమవ్వకు అంతా ముందే తెలుసని ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ రోజూ ఒక్కపొద్దు ఉన్నాడు. పొట్ట బాగా తగ్గింది. దసరాదాకా చెప్పవద్దని మేమిద్దరం అనుకున్నాం. నువ్వు రాసి చెడగొట్టకు.